పాత పరుగుబండి – శనివారపు మరమ్మతులు



2023వ సంవత్సరమున వేసవి మొదలుకొని ఆరు మాసములు నేను అమెరికా దేశమున, ఉత్తర కెరొలైనా రాష్ట్రములోని షార్లెట్ నగరమందు, మా అబ్బాయి యింట నుంటిని. ఆ దేశపు మేడలను గూర్చియు, బాటలను గూర్చియు మీకు చెప్పగలవారు నేడు ప్రతి గ్రామమునను ఒకరిద్దరైన కలరు. నేను చెప్పదలచినది వేఱొకటి. మావాడు వారమునకు ఐదు దినములు కంప్యూటరు ముందు కూర్చుండి పనిచేయును. శనివారము తెల్లవారగనే మాసిన బట్టలు తొడిగి, ఇంటి ప్రక్కనున్న కారుకొట్టములోనికి పోయి, ముప్పదిమూడేండ్ల పాతకారు క్రింద వెల్లకిల పరుండును. మధ్యాహ్నము అన్నమునకు పిలిచినను రాడు. చదువుకొని, పెద్ద జీతము తెచ్చుకొనుచు, సెలవు దినమున చేతులకు మసి పూసికొనుట యేమని మొదట నాకు నవ్వు వచ్చినది. తరువాత నేనును ఆ కొట్టములో ముక్కాలిపీట వేసికొని కూర్చుండుట మొదలుపెట్టితిని. అచ్చట నేను నేర్చినదానిని, అందులో నావలన జరిగిన ఒక పొరపాటును ఈ పూట మీకు మనవి చేసెదను.

ముందుగా బండి యెట్టిదో చెప్పవలెను. అది జపానులోని హిరోషిమా నగరమున మాజ్డా కంపెనీవారు చేసినది. దాని పేరు మియాటా. 1989వ సంవత్సరమున షికాగో కార్ల ప్రదర్శనమున మొదటిసారి దీనిని లోకమునకు చూపిరి. 1990వ సంవత్సరపు నమూనాగా అమ్మిరి. ఇద్దరు మాత్రమే కూర్చుండదగినది. పైకప్పు గుడ్డతో చేసినది; వలసినపుడు వెనుకకు మడిచి వేయవచ్చును. ముందు దీపములు పగలు ఱెప్పలు మూసికొనియుండి, రాత్రి మీట నొక్కినంతనే కప్ప కన్నులవలె పైకి లేచును. ఇంజను ముందుండి వెనుక చక్రములను త్రిప్పును. బండి బరువు వేయి కిలోలకు లోపే. ఇంజను 1600 ఘనసెంటీమీటర్లది, 116 గుఱ్ఱముల బలము గలది. ఈ దినములలో అమెరికాలో కూరగాయలు తెచ్చుకొను బండికి కూడ ఇంతకన్న హెచ్చు బలమున్నది. అయినను దీనిని పరుగుబండియే యందురు. ఏలయన దీని వేగము బలమువలన వచ్చినది కాదు, తేలికదనమువలనను, బరువు ముందు వెనుకలకు ఇంచుమించు సమముగ పంచుటవలనను వచ్చినది. బరువు సరితూగుటకై బ్యాటరీని సహితము ఇంజను దగ్గఱ పెట్టక వెనుక సామాను పెట్టెలో పెట్టిరి. గుఱ్ఱమును రౌతును ఒకే ప్రాణమైనట్లుండవలెనని దానిని కల్పించినవారు కోరుకొనిరట. మన బండ్లలో ముంగిలిబరువు, వెనుకబరువు చూచి బస్తాలు సర్దువారికి ఈ మాట వేఱుగ విప్పి చెప్పనక్కఱలేదు. ఈ వంశపు కార్లు 2016వ సంవత్సరము నాటికి పదిలక్షలు తయారైనవి. కప్పు మడువదగిన రెండు కుర్చీల పరుగుబండ్లలో ఇన్ని అమ్ముడుపోయినది మఱియొకటి లేదు.

ఇంతగా అమ్ముడుపోయినందున దీని విడిభాగములు నేటికిని దొరకును. అదియే దీనిని ఇంటియందు బాగుచేసికొనువారికి పెద్ద వరము. ఇక కూలి సంగతి. ఆ దేశమున కార్ఖానాలో పనివాని గంటకు నూఱు డాలర్లు దాటి పుచ్చుకొందురు. పాతకారు వెలకన్న మరమ్మతు ఖర్చు మించిపోవును. కావున పానాలు, సుత్తులు, జాకీ కొనుక్కొని, మరమ్మతు గ్రంథము నొకదానిని తొడపై పెట్టుకొని, గృహస్థులే దిగుదురు. వైద్యులు, ప్లీడర్లు, ఉపాధ్యాయులు కూడ ఇట్లు చేయుట నేను కంటిని. తన బండి తానే విప్పుట అచ్చట చిన్నతనము కాదు.

మా పొరుగున ఒక ముసలి అమెరికనుడు కలడు. లారీల మరమ్మతులో నలుబది యేండ్లు గడపి విశ్రాంతి పుచ్చుకొన్నవాడు. శనివారము కాఫీ గిన్నె చేతబట్టి వచ్చి, కొట్టము వాకిట నిలువబడి చూచుచుండును. అడిగిననే గాని మాటలాడడు. కాని మొదటి శనివారము నేనక్కడ నుండగా అడుగకయే ఒక మాట చెప్పెను. మావాడు జాకీతో బండి ముందుభాగము లేపి, అట్లే క్రిందికి దూరబోవుచుండగా, ఆయన వాని చొక్కా పట్టుకొని వెనుకకు లాగి, జాకీ బండిని లేపుటకే గాని నిలుపుటకు కాదనెను. మూడు కాళ్లుగల ఇనుప స్టాండ్లను నాల్గింటిని తన యింటినుండి తెచ్చి, చట్రము క్రింద పెట్టించి, బండిని చేతులతో ఊపి కదలకున్నదని చూచిన తరువాత గాని వానిని క్రిందికి పోనీయలేదు. జాకీలో నున్న నూనె ఏ క్షణమున కారిపోవునో చెప్పలేము. మన కళ్లములో ఇరుసునకు కందెన వేయునపుడు మొద్దు పెట్టక చక్రము తీయువాడుండడు గదా. ఇంత చదివినవానికి ఆ సంగతి తోచలేదు.

ఆ వేసవి చేసిన పనులన్నియు చెప్పుచుపోయిన వేళ చాలదు. రెండు మూడింటిని మాత్రము చెప్పెదను.

ఇంజను లోపల తిరుగు పెద్ద ఇరుసునకు క్రాంకు అని పేరు. దాని ముందు కొనకు ఒక కప్పీచక్రము బిగించియుందురు. 1990 బండ్లలోను, 1991 మొదట వచ్చినవానిలోను ఈ కొన పొట్టిగ చేసిరి. దానిని బిగించు బోల్టు సరిగ బిగియనిచో, లోపలి చీల నలిగి, చక్రము ఊగి, కొంతకాలమునకు క్రాంకే చెడును. తరువాతి బండ్లలో కంపెనీవారు ఆ కొనను లావుచేసిరి. మావాడు ఇంజను నడుచుచుండగా ప్రక్కనుండి దీపము వేసి ఆ చక్రము వంకర తిరుగుచున్నదేమో చూడుమని నన్ను కోరెను. వంకర తిరుగు బండిచక్రములను డెబ్బదియేండ్లుగ చూచిన కన్నులివి. చాలసేపు చూచి, నిలుకడగ నున్నదని చెప్పితిని. వాని ముఖమున వెలుగు వచ్చినది. ఆ బోల్టు మఱల విప్పవలసిన పని అరువదివేల మైళ్ల కొకమారు వచ్చును. పళ్లబెల్టు మార్చుటకు దానిని తీయక తప్పదు. తీసినవాడు సరిగ బిగించెనా లేదా యనుదానిపైననే ఇంజను ఆయుస్సున్నది.

బిగించుట యన్నది కండబలముతో చేయునది కాదని కూడ అచ్చట తెలిసినది. టార్కు రెంచి అను పానా యొకటి కలదు. ఎంత బిగింపు వలయునో అంతకు సరిపెట్టిన, ఆ బిగింపు రాగనే టిక్కుమని చప్పుడు చేయును. ఈ బండి చక్రపు నట్లకు ఇంచుమించు నూఱు న్యూటను మీటర్లు. అనగా మీటరు పొడవు కడ్డీ చివర పదికిలోల బరువు వ్రేలాడదీసినంత. తక్కువైన ఊడును, ఎక్కువైన మఱ తెగును.

రెండవది నా చేతిమీద జరిగిన పని. గుడ్డకప్పు మీద పడిన వాననీరు పోవుటకు కుర్చీల వెనుక ఇరుప్రక్కల సన్నని గొట్టములున్నవి. ఆకులు, దుమ్ము చేరి అవి పూడుకొనిపోవును. నీరు లోపలికి దిగి తలుపుక్రింది ఇనుప దూలమును లోపలనుండి త్రుప్పు పట్టించును. పైకి రంగు నిగనిగలాడుచుండగా లోన దూలము గుల్లయగును. ఈ జాతి బండ్లు పెక్కు ఇంజను చెడి కాక, ఇట్లు చచ్చినవి. ఆ గొట్టములను మెత్తని తీగెతో కెలికి, నీరు పోసి, క్రింద ధార పడువఱకు నేనే శుభ్రము చేసితిని. పిడికెడు నల్లమన్ను వచ్చినది. ఇంటి చూరుకాలువలు తీసిన చేతికి అదేమంత విద్య కాదు. ఒక్క డాలరు ఖర్చు కాలేదు.

ఇక మార్పుల సంగతి. ఉన్నదానిని బాగుచేయుట యొకటి. లేనిదానిని చేర్చుట యొకటి. కుఱ్ఱవారికి రెండవదానియందే మోజు. అందులో ఖర్చులేని దొకటి యున్నది. పెట్రోలునకు నిప్పంటు వేళను కంపెనీవారు క్రాంకు కొలతలో 10 డిగ్రీలు ముందుగ పెట్టిరి. ఈ బండ్లవారు దానిని 14 డిగ్రీలకు త్రిప్పుకొందురు. బండి కొంత చుఱుకగును; కాని మేలురకము పెట్రోలు పోయవలసివచ్చును. మావాడు దానిని జూలైలోనే చేసెను. అంతటితో తృప్తి కలుగలేదు. టర్బో యొకటి తెప్పించెను. కమ్మరి కొలిమికి తిత్తి యెట్టిదో, ఇంజనునకు టర్బో అట్టిది. బయటికి పోవు పొగ వేగముతో ఒక చిన్న చక్రము తిరిగి, అది లోనికి గాలిని ఒత్తిడితో ఊదును. గాలి హెచ్చిన పెట్రోలు హెచ్చుగ మండి, బలము హెచ్చును. దాని పెట్టె వచ్చిననాడు మా యింట పండుగవలె నుండెను. ధర అడిగి తెలిసికొని నేను మాటలాడలేదు. ఆ సొమ్ముతో మా యూర పాడికొట్టము కట్టవచ్చును.

పొరుగు ముసలివాడు ఆ పెట్టెను చూచి, కాఫీ త్రాగి, బ్రేకునూనె మార్చి ఎన్నాళ్లయినదని అడిగెను. మావాడు జవాబు చెప్పలేకపోయెను. బండి కొని రెండేండ్లాయెను; అమ్మినవాడు ఎప్పుడు మార్చెనో తెలియదు. వచ్చు శనివారము ఆ పని చేయుదునని ఒప్పుకొనెను. నూనె సీసాలు కూడ కొని తెచ్చి బల్లమీద పెట్టెను.

ఇచ్చట నా పొరపాటు వచ్చినది. అది అక్టోబరు మాసము. షార్లెట్టునకు పడమట రెండుగంటల ప్రయాణమున బ్లూ రిడ్జ్ పర్వతములున్నవి. ఆ మాసమున చెట్ల యాకులు రాలుటకు ముందు ఎఱ్ఱగను, పసుపుగను మాఱి, కొండలు మండుచున్నట్లుండునని అందఱును చెప్పిరి. మఱి రెండు వారములలో నేను తిరిగి రావలసియున్నది. శనివారము ప్రొద్దున ఆకాశము నిర్మలముగ నుండెను. మావాడు మాసిన బట్టలతో కొట్టములోనికి పోవుచుండగా, "నూనె పని వచ్చే వారము చేయవచ్చును, ఆకులు వచ్చే వారమునకు ఉండవు. నన్ను ఈ బండిలోనే తీసికొనిపొమ్ము" అని నేనంటిని. వాడు బల్లమీది సీసాల వైపు ఒకమారు చూచి, నా ముఖము చూచి, "సరే నాన్నగారూ" అనెను. తండ్రి యడిగిన ఆ కొడుకు కాదనలేదు.

ఆ కొండలలోనే టెనెస్సీ సరిహద్దున 11 మైళ్లలో 318 మలుపులు గల బాట యొకటి కలదు. ఈ బండ్లవారికి అది తీర్థము వంటిది. మేమంతదూరము పోలేదు. ఒక సాధారణమైన కొండబాటను ఎక్కి, ఆకుల వన్నెలు చూచి, తెచ్చుకొన్న పులిహోర తిని, సాయంకాలమునకు దిగసాగితిమి. కప్పు తీసియుండుటచే చల్లగాలి. మలుపు మలుపునకు మావాడు బ్రేకు త్రొక్కుచు, వదలుచు, ఉల్లాసముగ నడుపుచుండెను. నేనును సంతోషముగనే యుంటిని. ఒక మలుపునకు ముందు వాని కాలు లోపలికి దిగిపోయినట్లు నాకు కనబడినది. బండి నెమ్మదించలేదు. మఱల త్రొక్కెను. మీట నేలను తాకెను. వాడు నాతో నేమియు అనలేదు. గేరు నాల్గవదానినుండి మూడవదానికి, రెండవదానికి దింపెను. ఇంజను పెద్దగ అఱచెను. ఎడమచేయి చక్రముపై నుంచి, కుడిచేతితో చేతిబ్రేకును కొంచెము కొంచెముగ లాగెను. ఎడమప్రక్క బండరాయి, కుడిప్రక్క ఇనుప కమ్మి, దాని కావల చెట్ల కొనలు. ఆ మలుపును ఎట్లు దాటితిమో నేను చూడలేదు, కన్నులు మూసికొంటిని. తెఱచునప్పటికి బాట ప్రక్కన విశాలమైన చోట బండి నిలిచియున్నది. చక్రములనుండి కాలిన వాసన వచ్చుచుండెను. వాని చేయి చేతిబ్రేకు మీదనే యుండెను; వ్రేళ్లు తెల్లబడియుండెను.

అట్లేల జరిగినదో ఆ రాతిమీద కూర్చుండియే వాడు నాకు చెప్పెను. కాలిమీట త్రొక్కిన ఒత్తిడిని చక్రముల కడకు మోసికొనిపోవునది గొట్టములలోని నూనె. ద్రవమును ఎంత ఒత్తినను అది కుదియదు గనుక ఒత్తిడి అట్లే పోవును. కాని ఆ నూనెకు గాలిలోని తేమను పీల్చుకొను గుణమున్నది. మూతపెట్టినను రబ్బరు గొట్టములగుండ ఏండ్లతరబడి నీరు చేరును. మా బండిలో పోసిన రకపు నూనె కొత్తగ నున్నపుడు కనీసము 205 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు మరుగరాదని నియమము. నూటికి నాలుగుపాళ్లకు లోపుగ నీరు చేరిన, అది 140 డిగ్రీలకే మరుగవచ్చును. మరిగిన ఆవిరి బుడగలు పుట్టును. ఆవిరి కుదియును. నీరు నిండిన తిత్తిని త్రొక్కుటకును, గాలి నిండిన తిత్తిని త్రొక్కుటకును గల భేదమే అది.

మఱి అంత వేడి యెక్కడిది? బండియు, మేమిద్దరమును కలిసి ఇంచుమించు 1100 కిలోలు. ఆ బరువు 300 మీటర్ల యెత్తునుండి దిగునపుడు విడుచు శక్తి పది లీటర్ల చన్నీటిని మరుగుస్థాయికి తేగలదు. కొంత గాలి పుచ్చుకొనును, కొంత ఇంజను పుచ్చుకొనవలెను. చిన్న గేరులో దిగిన ఇంజనే బండిని పట్టి నిలుపును. మావాడు ఆ భారమంతయు బ్రేకులమీదనే వేసెను. అది వాని తప్పు. మన బండివాడు గట్టు దిగునపుడు ముందే క్రిందికి దిగి, చక్రమునకు కఱ్ఱ అడ్డుపెట్టి, ఎడ్లను మెల్లగ నడిపించును. చేతిబ్రేకు మమ్ము కాచుటకు కారణము, అది నూనెతో గాక ఇనుప తీగెతో వెనుక చక్రములను పట్టునదగుట.

ముప్పావుగంటకు చక్రములు చల్లారినవి. ఆవిరి మఱల ద్రవమై, మీట గట్టిపడినది. రెండవ గేరులో, ఎద్దునడకన కొండ దిగితిమి. వెనుకనున్నవారు కూత పెట్టినను లెక్కచేయలేదు. దారిలో ఇద్దరమును మాటలాడుకొనలేదు. ఇంటికి వచ్చిన తరువాత, పని ఆపించినవాడను నేనేయని చెప్పితిని. "త్రొక్కినవాడను నేను" అని వాడనెను. కోడలికి మాత్రము ఇద్దరమును ఏమియు చెప్పలేదు. ఈ ఉపన్యాసము ఆమె చెవిని పడినచో నా పని యేమగునో చూడవలెను.

మఱునాడు ఆదివారమైనను కొట్టము తెఱచితిమి. బండిని నాలుగు స్టాండ్లపై నిలిపి చక్రములు తీసితిమి. పొరుగాయన తానే వచ్చెను. నన్ను నడుపువాని కుర్చీలో కూర్చుండబెట్టిరి. మా అబ్బాయి క్రింద పరుండి, "త్రొక్కండి" అనును, నేను త్రొక్కుదును. "పట్టండి" అనును, పట్టుదును. అంతట వాడు చక్రము దగ్గఱ చిన్న మఱను విప్పును. పాతనూనె సన్నని గొట్టముగుండ సీసాలోనికి దిగును. నా కాలు మెల్లగ క్రుంగును. మఱ బిగించిన పిమ్మట "వదలండి" అనును. బిగించకముందే వదలిన గాలి లోనికి పోవును. నాలుగవమారో, అయిదవమారో నేను తొందరపడి వదలితిని. గాలి చేరినది, ఆ చక్రమునకు మొదటినుండి చేయవలసివచ్చెను. ఎవరును విసుగుకొనలేదు. మీటకు దూరమైన కుడివైపు వెనుకచక్రముతో మొదలుపెట్టి, దగ్గఱిదానితో ముగించితిమి. కొత్తనూనె గడ్డిపోచ రంగున నుండును. మాకు వచ్చినది కాఫీ డికాక్షనువలె నుండెను. ఈసారి 230 డిగ్రీలు తాళు మేలురకము పోసితిమి. అందును నీరు చేరిన 155 డిగ్రీలకు దిగునని సీసామీదనే వ్రాసియున్నది. అందుచే రెండేండ్ల కొకమారు మార్చవలెనని పొరుగాయన కొట్టము గోడమీద సుద్దతో తేదీ వ్రాసెను. రబ్బరు గొట్టములు కోసి చూడగా లోపల ఉబ్బి రంధ్రము సన్నగిల్లియుండెను. వానికి బదులు ఉక్కుతీగెల అల్లిక గలవి తెప్పించి మరుసటి శనివారము బిగించిరి. అదియే నేనున్న చివరి శనివారము.

1994వ సంవత్సరమున ఈ బండికే పెద్ద ఇంజను వేసి, బ్రేకు పళ్లెములను కూడ పెద్దవి చేసిరి. ముందువి 235 మిల్లీమీటర్లుండగా 255 చేసిరి. పళ్లెము పెద్దదైన వేడిని హెచ్చుగ ఓర్చుకొనును. ఆ పళ్లెములును, వానిని పట్టు చట్రములును 1990 బండికి కూడ అమరును. పాత సామాను అమ్మువారి కడ అవి దొరికినవని మావాడు మొన్న టెలిఫోనులో చెప్పినాడు. టర్బో పెట్టె నేను వచ్చునాటికి పైఅరలో, విప్పకయే యున్నది. దాని సంగతి వాడు చెప్పలేదు, నేనును అడుగలేదు. నీళ్లగొట్టములు పూడుకొనకుండ తీగె పెట్టుచున్నావా యని మాత్రము అడిగితిని. వానలకు ముందొకసారి, తరువాత నొకసారి పెట్టుచున్నాడట.